చీకులకు అనాస ముక్క చేరితే పేరు మారాలా?

కోడిమాంసం ముక్కలనూ అనాసపండు ముక్కలనూ ఒకదాని తరువాత ఒకటిగా పుల్లకు గుచ్చి, ఇంట్లోనే నిప్పుల మీద కాల్చుకునే వంటకానికి తెలుగు పేరేమిటని మన బృందంలోని ఒక సభ్యురాలు అడిగారు. ‘శూల్యం’ అనవచ్చునని ఒకరు, ‘ఊచమాంసం’ అని కొత్తగా కట్టుకోవచ్చునని మరొకరు సూచించారు. వీటికన్నా ముందు, సాయంత్రం పూట బొగ్గుల పొగలో మన వీధుల్లో వినబడే ‘చీకులు’ అన్న మాటను పరిశీలించాలని నా మనవి.

‘శూల్యం’ గొప్ప మాటే. సంస్కృత నిఘంటువైన అమరకోశం చువ్వకు గుచ్చి కాల్చిన మాంసానికి శూలాకృతం, భటిత్రం, శూల్యం అని మూడు పేర్లు చెప్పి, ఆ వెంటనే కుండలో వండినదానికి ఉఖ్యం, పైఠరం అని రెండు పేర్లు చెబుతుంది. వ్యాకరణకర్త పాణిని కూడా ‘శూలోఖాద్యత్’ అని చువ్వనూ (శూల) కుండనూ (ఉఖా) ఒకే సూత్రంలో పక్కపక్కన కూర్చోబెట్టాడు. అయితే నేటి తెలుగు చెవికి శూల అంటే త్రిశూలమో కడుపునొప్పో తప్ప వంట గుర్తుకు రాదు గనుక, విస్తరి ముందు ఆ మాట ఇమడదని నా అభిప్రాయం.

‘చీకు’కు మూలం పారసీ ‘సీఖ్’. ఇనుప చువ్వ అని దాని అర్థం. ఉర్దూ మీదుగా మనకు చేరేసరికి ‘ఖ’ తేలికపడి ‘క’ అయింది. ‘స’ ఎందుకు ‘చ’ అయిందన్నది ఆలోచించవలసిన విషయం. చీరను సీర అనీ, చెయ్యిని సెయ్యి అనీ పలికే అలవాటు మనలో ఉంది కనుక, ‘సీకు’ను కూడా అటువంటి పలుకుబడిగానే భావించి ‘చీకు’గా దిద్దుకున్నారని నా ఊహ. ఇంతకన్నా ముచ్చటైనది అర్థంలో వచ్చిన మార్పు. బండి దగ్గర నిలబడి చూడండి: కాలిన ముక్కలను చువ్వ నుంచి దూసి, ఉల్లిపాయ ముక్కలూ నిమ్మబద్దా జతచేసి మన చేతికిస్తారు, చువ్వ బండి మీదనే ఉండిపోతుంది, దాని పేరు మాత్రం ముక్కలతో కలిసి మన వెంట వస్తుంది.

ఎముకను చీకడం అన్న క్రియ నుంచే ఈ మాట పుట్టిందనుకునేవారూ ఉన్నారు. చీకుల్లో సాధారణంగా ఎముకే ఉండదు కాబట్టి ఆ వ్యుత్పత్తి నిలవదు.

ఇక అనాస. ఇది పోర్చుగీసుల ‘అననాస్’. దాని వేరు దక్షిణ అమెరికా ఆదివాసుల భాషలో ఉంది. దీనిని మసాలాలో కలిపి రాత్రంతా నానబెట్టరాదు. వండని అనాస రసంలోని బ్రొమెలైన్ అనే ఎంజైము మాంసకృత్తులను విడగొట్టి ముక్కను మెత్తని ముద్ద చేస్తుంది. అందుచేత ఈ వంటలో అసలు పని గుచ్చడమే. పూలకూ ముత్యాలకూ వాడే క్రియనే ఇక్కడా వాడుతున్నామని గమనించినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది. అరగంట నీళ్లలో నానిన వెదురు పుల్లకు మాంసం, అనాస, ఉల్లిపొర వరుసగా గుచ్చి కుంపటి మీద తిప్పుతుంటే, పండురసం బొగ్గుల మీద చుయ్యిమని పడుతుంది, అంచులు పాకం ముదిరినట్టు ఎర్రబడతాయి, ఆ తీపి పక్కనున్న కారపు ముక్కకు అంటుకుంటుంది.

దీనిని ‘వేయించిన’ అని ఒకరు రాశారు. వేయించడానికి బాణలి కావాలి. మొక్కజొన్న పొత్తును, వంకాయను కాల్చినట్టే దీనినీ కాలుస్తాం.

మటన్ చీకులు, చికెన్ చీకులు అన్నంత సహజంగా దీనిని ‘అనాస చీకులు’ అనవచ్చునని నేను ప్రతిపాదిస్తున్నాను. మీ ప్రాంతంలో ‘సీకు’ అంటారా, ‘చీకు’ అంటారా, చువ్వకు కూడా ఆ పేరు ఇంకా మిగిలి ఉందా అన్నది జిల్లా పేరుతో సహా తెలియజేయగలరు.