ఉద్యోగి ఇంటి సమస్య గురించి సూపర్‌వైజర్ అడిగితే సక్సెస్ కోచ్ ఎంతవరకు చెప్పాలి?

ప్రశ్న (కొత్తగా చేరిన కోచ్):

ఒక తయారీ సంస్థలో సక్సెస్ కోచ్‌గా చేరి నాలుగు నెలలైంది. ఇంటి ఇబ్బందుల వల్ల ఉద్యోగం చేజారే పరిస్థితిలో ఉన్నవారితో మాట్లాడి, తగిన సాయం దొరికే చోటికి చేర్చి, వారు ఉద్యోగంలో నిలదొక్కుకునేలా చూడడం నా బాధ్యత. హాజరు, క్రమశిక్షణ నా పరిధిలోకి రావు. ఉదయం షిఫ్టులో పనిచేసే ఒకావిడ రెండు వారాల్లో నాలుగుసార్లు ఆలస్యంగా వచ్చారు. మూడోసారి కలిసినప్పుడు గానీ ఆవిడ అసలు సంగతి చెప్పలేదు. తల్లికి పక్షవాతం వచ్చింది, పగలు చూసుకునే మనిషి ఏడు గంటలకు గానీ రారు, షిఫ్టేమో ఏడింటికే మొదలవుతుంది. "ఎవరికీ చెప్పకండి, జాలి చూపులు నేను భరించలేను" అన్నారు. మర్నాడే సూపర్‌వైజర్ వచ్చి, కారణం చెబితే సర్దుబాటు చేస్తానని, లేకపోతే హెచ్చరిక లేఖ ఇవ్వక తప్పదని అన్నారు. ఆయన మంచి మనసుతోనే అడిగారు. చెబితే మాట తప్పినదాన్నవుతాను, చెప్పకపోతే నష్టపోయేది ఆవిడ. ఏం చేయాలి?

సమాధానం (పదకొండేళ్లుగా కోచ్‌గా ఉన్నవారు):

మీరు కారణాన్నీ అవసరాన్నీ ఒకటిగా చూస్తున్నారనిపిస్తోంది. కారణం ఆవిడది, దాన్ని ఎవరికి చెప్పాలో, అసలు చెప్పాలో లేదో తేల్చుకోవలసినది ఆవిడే. అవసరం మాత్రం పనికి సంబంధించినది: కొంతకాలం అరగంట ఆలస్యంగా షిఫ్టు మొదలుపెట్టే వీలు. తల్లి జబ్బు ప్రస్తావన లేకుండానే ఆ మాట సూపర్‌వైజర్‌కు చెప్పవచ్చు, కానీ ముందుగా ఆవిడ సమ్మతి తీసుకోండి. "నేను ఆయనతో ఈ రెండు వాక్యాలు మాత్రమే చెబుతాను, సరేనా?" అని ఆ వాక్యాలను ఆవిడ ఎదుటే రాసి చూపించండి. ఏం చెబుతామో కళ్లారా చూసుకున్నాక సమ్మతి ఇవ్వడం ఎవరికైనా తేలికవుతుంది.

ఆయనకు ఈరోజు ఇవ్వవలసిన జవాబు వేరు. "నాతో ఎవరు ఏం మాట్లాడారో, అసలు మాట్లాడారో లేదో కూడా నేను చెప్పలేను, ఎవరి విషయంలోనైనా ఇదే నియమం" అనండి. అందరికీ ఒకే జవాబు ఇస్తేనే మీ మౌనాన్ని బట్టి ఎవరూ ఏదీ ఊహించలేరు. మీరు రాసుకునే నోట్సు ఉద్యోగి ఫైలులోకి వెళ్లకుండా చూసుకోండి. తేదీ, ఏ సాయం అడిగారు, ఎక్కడికి పంపారు అన్నవి చాలు. ఒకసారి నేను మంచి ఉద్దేశంతోనే ఒక యువకుడి అప్పుల సంగతి అతని పై అధికారికి చెప్పాను. అతను మళ్లీ నా గది గడప తొక్కలేదు, అతని బృందంలో మరెవరూ కూడా రాలేదు. ఆ తలుపు తెరుచుకోవడానికి ఏడాది పట్టింది.

సమాధానం (షిఫ్టు సూపర్‌వైజర్):

మా వైపు నుంచి చెబుతాను. నాకు జబ్బు పేరు అక్కర్లేదు. ఎంతకాలం, ఏ వేళకు వస్తారు, ఆ అరగంట ఆ మిషన్ దగ్గర ఎవరుంటారు అన్నదే నా చింత. ముగింపు తేదీ లేని మినహాయింపును పక్కనున్న పదిమందికి నేను సమర్థించుకోలేను. "ఆరు వారాలు, ఆ తరువాత మళ్లీ మాట్లాడుకుందాం" అంటే సమర్థించుకోగలను. ఇంకొక మాట: కోరిక ఆవిడ నోటి నుంచే రావడం మేలు. మీరు పక్కన కూర్చుంటే చాలు. కోచ్ సిఫార్సు చేసినట్టు కనిపిస్తే ఆవిడకు కూడా చిన్నతనంగా ఉంటుంది.

సమాధానం (కౌన్సెలింగ్‌లో శిక్షణ పొందినవారు):

పై రెండు సమాధానాలతో ఏకీభవిస్తూనే ఒకటి చేర్చాలి. "ఎవరికీ చెప్పను" అని బేషరతుగా మాట ఇవ్వకూడదు. తమ ప్రాణానికో ఇతరుల ప్రాణానికో ముప్పున్నప్పుడు, పసిపిల్లలపై హింస జరుగుతున్నప్పుడు మౌనంగా ఉండలేమని మొదటి సమావేశంలోనే చెప్పాలి.

ఇక ఆవిడ సంగతి. మంచం పట్టిన మనిషిని చూసుకునేవారికి ఆలస్యం ఒక్కటే సమస్య కాదు. నిద్ర లేకపోవడం, ఎవరితోనూ చెప్పుకోలేకపోవడం మెల్లగా కుంగుబాటుకు దారి తీయవచ్చు. కుంగుబాటు, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 1,200 కోట్ల పనిదినాలు నష్టమవుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అయినా వెంటనే సలహాలు కుమ్మరించకండి. అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ మద్యపాన సమస్య ఉన్నవారితో పనిచేస్తూ 1983లో వివరించిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతిలో, మార్పుకు కారణాలను ఎదుటి మనిషి నోటే పలికించడం ముఖ్యం. "మీరు కౌన్సెలింగ్‌కు వెళ్లాలి" అనే బదులు "ఈ వారంలో మీకు అన్నిటికన్నా బరువుగా అనిపించిందేమిటి?" అని అడిగి చూడండి. ఆవిడ సాయం కోరితే ఫోన్ నంబరు చేతిలో పెట్టి పంపేయకుండా, మీ గదిలోంచే ఇద్దరూ కలిసి ఫోన్ చేయండి. ఒంటరిగా ఆ నంబరు తిప్పడమే చాలామందికి చేతకాదు.

ప్రశ్న అడిగినవారు:

నిన్న ఆవిడను కలిసి రెండు వాక్యాలు రాసి చూపించాను. ఒకదాన్ని కొట్టేసి, "ఇంటి బాధ్యత" అన్న మాట తనే చేర్చారు. ఈ ఉదయం ముగ్గురం కూర్చున్నాం, ఆవిడే మాట్లాడారు. ఆరు వారాలపాటు ఏడున్నరకు రావడానికి, సాయంత్రం అరగంట ఎక్కువ ఉండడానికి సూపర్‌వైజర్ ఒప్పుకున్నారు. కౌన్సెలింగ్ గురించి ఆవిడను అడిగితే ఇప్పుడే వద్దన్నారు, నేను ఒత్తిడి చేయలేదు. వచ్చే గురువారం మళ్లీ కలుస్తానని ఆవిడే అన్నారు.