వరి ఈనడం, గేదె ఈనడం: ఒకే మాటేనా?

దసరా సెలవుల్లో ఒక్కడినే కారేసుకుని హైదరాబాద్ నుంచి నరసాపురం దాకా వెళ్లొచ్చాను. తణుకు దగ్గర హైవే వదిలేసి పెనుగొండ, మార్టేరు వైపు చిన్న రోడ్డు పట్టుకున్నాను, ఎటు చూసినా వరే. మార్టేరు అంటే స్వర్ణ అనే వరి రకం పుట్టిన చోటు (ఎంటీయూ 7029లో ఎంటీయూ అంటే ఈ ఊరే, 1982లో విడుదలైంది). దాదాపు 150 రోజుల పంట కాబట్టి దసరాకి చాలా చేలు ఇంకా పొట్ట మీదే ఉంటాయి.

టీకి ఆగినచోట గట్టు మీద ఒక పెద్దాయన కనిపిస్తే "చేను బాగుందండీ" అని పలకరించాను. "ఏం బాగండి, ఇంకా ఈనలేదు, పక్కోళ్లది ఈనేసింది" అన్నాడు. నేను పక్కోళ్ల గేదె గురించేమో అనుకున్నాను, పట్నంలో పెరిగిన బుర్ర కదా. నా మొహం చూసి ఆయనకి అర్థమైపోయినట్టుంది, ఉబ్బిన పిలక ఒకటి తుంపి గోటితో చీల్చి చూపించాడు. లోపల లేత వెన్ను (వరి కంకి), తెల్లగా, తడితడిగా, ముడుచుకుని పడుకునుంది. "ఇదేనండి పొట్ట. ఇందులోంచి వెన్ను బయటికొస్తే చేను ఈనినట్టు." పేపర్లో "పొట్ట దశలో వరి" అని ఎన్నిసార్లు చదివానో, ఆ పొట్ట నిజంగా కడుపేనని ఎప్పుడూ తట్టలేదు!

అక్కణ్ణుంచి నరసాపురం దాకా ఇదే ఆలోచన. ఆవు ఈనుతుంది, పిల్లి ఈనుతుంది, చేను ఈనుతుంది, జనం ఎక్కువైతే నేల ఈనినట్టు వచ్చారంటాం. మనిషి మాత్రం కంటుంది, ఈనిందంటే తిట్టే. పాత తమిళంలో ఈ తేడా లేదు, తిరుక్కురళ్ అనే నీతిగ్రంథం 69వ పద్యంలో కొడుకుని "ఈన్ఱ" (ఈనిన, అంటే కన్న) తల్లి గురించే ఉంటుంది (మన "పుత్రోత్సాహము తండ్రికి" పద్యంలో ఉన్న భావమే, అక్కడ తల్లికి). మరి మన దగ్గర ఈ మాట పశువులకీ పైరుకీ ఎందుకు మిగిలిపోయింది? "ఈనగాచి నక్కలపాలు చేసినట్టు" అనే సామెతలో ఈనింది ఏది, ఆవా చేనా?

వ్యాఖ్య, కరీంనగర్ నుంచి: మా దగ్గర కూడా పొలం ఈనిందనే అంటరు, బర్రె ఈనిందనే అంటరు. సామెతలది మాత్రం పక్కా ఆవే. రాత్రంతా కావలి ఉండి, తీరా దూడ పుట్టినంక కన్ను మూసిండనుకోండి, నక్క ఎత్తుకపోతది. వరిని నక్క ఏం చేసుకుంటది?

వ్యాఖ్య: చెరకు తోటల్లో నక్కల గోల తెలిసినవాళ్లు అంత గట్టిగా చెప్పరు లెండి. అయినా చెరకు ఈనదు కాబట్టి మీరే గెలిచారు. ఇంకోటి, కన్నడలో కూడా హసు "ఈయితు" అంటారు, ఆవు ఈనిందని.

నేను: సరే, సామెత ఆవుకే రాసిచ్చేశాను. "ఎందుకు మిగిలింది" అన్నదానికి ఎవరూ జవాబివ్వలేదు గానీ నా ఊహ చెప్తాను, ఊహే సుమా. మనుషులకి "కను" ఉంది కాబట్టి "ఈను" కొట్టంలోకీ పొలంలోకీ వెళ్లి ఉంటుంది. ఆ రెండు చోట్లా రైతు చేసే పని ఒకటే, కనిపెట్టుకుని ఉండటం.

వ్యాఖ్య, కరీంనగర్ నుంచి: బర్రె ఈనితే జున్ను పంచుతరు. పొలం ఈనితే?

నేను: అదే అడిగాను ఆ గట్టు మీది పెద్దాయన్ని. "పంచేదేముందండి, ఇప్పుడు వాన పడకుండా ఉంటే చాలు" అన్నాడు. పూత మీద వాన పడితే గింజ పట్టదట, అంతా తాలేనట. టీ డబ్బులు మాత్రం ఆయనే ఇచ్చాడు.