సమస్య: పాలమూరులోనఁ బాలు లేవు

నిర్వాహకుడు:
ఈసారి సమస్య ఆటవెలది చివరి పాదం, పై మూడు పాదాలు మీరు రాసి పూరించాలె. అయిదు సూర్యగణాలు, పా–బా యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో పొత్తు), అంతే. అర్థం మాత్రం మీ ఇష్టం: విరవండి, అతకండి, తిరగేయండి. ఒక్కటే షరతు, నవ్వు మాట మీద పుట్టాలె, మనిషి మీద కాదు.

కోయిల్‌కొండ పోరడు:
మొదటిసారి రాస్తున్న, తప్పులుంటే చెప్పున్రి.

చాయ కొట్టు కాడ సామి యిట్లనె నాకు
నల్ల చాయ తాగు నవ్వుకొనుచు
బర్రె యీన లేదు, ఇంకొక్క వారము
పాలమూరులోనఁ బాలు లేవు

అరసున్న మాస్టారు:
రెండు పాదాలు చక్కగ నడిచినయి బిడ్డా. మూడో పాదంల బర్రె జారిపడ్డది. ‘బ’కు ‘ఇం’తో యతి ఎట్ల కుదురుతది? పైగా ‘లేదు, ఇంకొక్క’ అని సంధి కలపకుండ విడిచినవు, అది విసంధి. ‘బర్రె యీన లేదు వారమాగుము నీవు’ అను, రెండు రోగాలకూ ఒకటే మందు. మన సురవరం ప్రతాపరెడ్డి గారు 1934ల 354 మంది తెలంగాణ కవులను ఒక్క సంచికల కూర్చి చూపించిన జిల్లా మనది. యతి తప్పితే ఆ 354 మందీ తిరిగి చూస్తరు.

ఇంకో మాట. పద్యం బాగుంది గని శ్లేష, అంటే ఒక మాటకు రెండర్థాలు, లేదు. పాలు లేవంటే పాలు లేవనే చెప్పినవు.

మూసీ ఒడ్డు:
నల్లగొండ నుంచి నా వంతు.

పేరు విప్పి చూడ వింతయే తోచెను
లకును గొమ్ము లేదు లాభమేమి
కొమ్ము లేని దెట్లు కుండను నింపును
పాలమూరులోనఁ బాలు లేవు

కోయిల్‌కొండ పోరడు:
అన్నా, సమజ్ కాలేదు.

మూసీ ఒడ్డు:
పాలమూరు అని కాగితం మీద రాసి చూడు తమ్మీ. పా, ల, మూ, రు. ‘పాలు’ కావాలంటే ‘ల’కు కొమ్ముండాలె. లేదు గదా!

మర్రినీడ:
అబ్బ! అటు ‘మూ’కు కొమ్ముదీర్ఘం, ఇటు ‘రు’కు కొమ్ము, నడుమ పాపం ‘ల’ ఒక్కటే బోడిది. కాకుంటే ఒక అభ్యంతరం. మా ఇంట్ల బోడిబర్రెనే ఉండె. కొమ్ముల్లేకున్నా చెంబు నింపేది. దాని తరఫున ఈ పద్యాన్ని ఖండిస్తున్న.

అరసున్న మాస్టారు:
బర్రె సాక్ష్యం చెల్లది. పద్యం నిర్దోషం. అక్షరాన్ని పశువును చేసి పాలు పిండబోయినవు, సంతోషం.

గద్వాల జరీ:
విద్వద్గద్వాల అని పేరుపడ్డ ఊరు మాది, ఊకుంటే ఎట్ల? పాలంటే వాటా అని కూడా అర్థమున్నది.

అన్నదమ్ములందు నరమరికలు లేక
ఒక్క పొయ్యి మీఁద నుడికె కూడు
గట్టు లేని చేను కలసి దున్నుచు నుంద్రు
పాలమూరులోనఁ బాలు లేవు

మూసీ ఒడ్డు:
అక్కా, ‘గట్టు లేని చేను’ దగ్గర ఆగిపోయిన. మా దిక్కు గట్టుకాడనే కోర్టుకు పోతరు.

అరసున్న మాస్టారు:
భావం వెన్న. వ్యాకరణంల మాత్రం రాయి తగిలింది తల్లీ. తాగే పాలు ఎప్పుడూ బహువచనమే, అందుకే ‘లేవు’ అంటం. వాటా అనే ‘పాలు’ ఏకవచనం, దాని బహువచనం ‘పాళ్లు’. నీ అర్థంల ‘పాలు లేదు’ కావాలె, లేకుంటే ‘పాళ్లు లేవు’. సమస్యల ఉన్న ‘లేవు’ నీ వాటాకు లొంగది.

గద్వాల జరీ:
తప్పు ఒప్పుకున్న. రాత్రంతా ఆ ‘లేవు’ మీదనే మనసున్నది మాస్టారూ. పొద్దుగాల మా చిన్నోణ్ని లేపుతుంటే దొరికింది!

కోడి కూసె నింకఁ గునుకేల నాయనా
గడప ముందు బండి గంట మోగె
చెంబు పట్టి తల్లి చెవిలోన నఱచెను
పాలమూరులోన: “పాలు! లేవు!”

మూసీ ఒడ్డు:
హహహ! పాలు లేవంటే ‘పాలొచ్చినయి, లేవురా’ అనా! లేని పాలను గడపలకు తెప్పిచ్చినవు.

అరసున్న మాస్టారు:
ఇదీ పూరణమంటే. అందరం ‘పాలు’ను పిసుకుతుంటే ‘లేవు’ మూలకు నిలబడి నవ్వుతున్నది.

మర్రినీడ:
నాకూ ఆ ‘లేవు’ వల్లనే ఒకటి తోచింది. నవ్వు రాకుంటే మన్నించున్రి. మా గేరిల సగం ఇండ్లకు తాళాలే, బొంబాయి బస్సు ఎక్కిన్రు.

దసరకైన రాక దవ్వుల నుంటివి
ముంబయందు నిసుక మోసి మోసి
జమ్మియాకు నీది చాటలో నెండెను
పాలమూరులోన బాలు! లేవు

కోయిల్‌కొండ పోరడు:
బాలు అంటే కొడుకు పేరా… ‘నువ్వు లేవు’ అనా. మా నాయిన కూడా అట్లనే పోయిండు. ఈ పద్యం అమ్మకు చదివి వినిపిస్త.

గద్వాల జరీ:
చాటల జమ్మియాకు. ఇగ నేనేం రాయ.

అరసున్న మాస్టారు:
నా పేరే అరసున్న, కాబట్టి అడగక తప్పదు. ఇచ్చిన పాదంల ‘లోనఁ’ అని అరసున్న (ఁ) ఉన్నది, అంటే సంధిల ‘పా’ ‘బా’ అయింది గని అక్కడున్నది పాలే. నీవు దాన్ని తీసేసి బాలును తెచ్చినవు. సమస్య మారినట్టు కాదా?

మర్రినీడ:
అవధానంల ప్రశ్న అడిగే పృచ్ఛకుడు సమస్యను చదివి వినిపిస్తడు గని పలక మీద రాసి చూపియ్యడు గదా మాస్టారూ. అరసున్న చెవికి ఇనబడ్తదా?

అరసున్న మాస్టారు:
ఇనబడది. ఓడిపోయిన. నా పేరు మార్చుకోవాలేమో.

మూసీ ఒడ్డు:
1890ల పాలమూరు పేరే మహబూబ్‌నగరని మార్చిన్రు, మీ పేరెంత మాస్టారూ!

నిర్వాహకుడు:
మూడు ‘లేవు’లు తేలినయి: లేకపోవడం, నిద్ర లేవడం, నువ్వు లేకపోవడం. నేను ఇచ్చినప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. వచ్చే వారం మూసీ ఒడ్డు వాళ్ల వంతు. సమస్య:

నల్లగొండలోన నల్ల లేదు

దీర్ఘం లేదు, చూసుకోండి. నీళ్ల నల్లా అని రాస్తే మాస్టారు ఊకోరు.