సమస్య: ఏరు లేని యూర నేటిగట్టు

నిర్వాహకుడు: నిన్న మధురవాడ దాటుతుంటే ఒక హోర్డింగు కనబడింది. ఆకాశాన్నంటే మేడల బొమ్మ, కింద నీళ్లు, నీళ్ల మీద పడవ, పక్కన ‘రివర్ వ్యూ’ అని పెద్దక్షరాలు. బస్సులో నాకు తప్ప ఎవరికీ నవ్వు రాలేదు. విశాఖలో కిటికీ తీస్తే సముద్రమో కొండో కనబడుతుంది గానీ నదిని ఎక్కణ్ణించి తెస్తారు? ఇల్లు చేరేసరికి ఈ పాదం తయారైంది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి. ఆదివారం రాత్రి దాకా గడువు. పోయినసారిలా పద్యాల కన్నా పోట్లాటలు ఎక్కువైతే తాళం వేసేస్తాను.

గోదారబ్బాయి: బోణీ నాదే.

కనుల పండువయ్యె కైలాసగిరిమీద
కార్ల దీపమాల కదలుచుండ
తీరమంత పారె తెలియెరుపుల ధార
ఏరు లేని యూర నేటిగట్టు

ఏరంటే బీచ్ రోడ్డేనండీ. వచ్చే బళ్లు తెలుపు, పోయే బళ్లు ఎరుపు. రాజమండ్రి పుష్కరాల రేవు మెట్ల మీద పెరిగినవాణ్ణి, ఏరు కనబడకపోతే నాకు తోచదు.

లంగరు: ‘తెలియెరుపుల ధార’కి దండం. చీకటి పడే వేళ రోప్‌వే దిగి దక్షిణం వైపు నిలబడితే అచ్చం అలాగే ఉంటుంది. తీరం విల్లులా వంగి డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర ఆగుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లిన రాత్రి మా మేడ మీంచి చూశాను. ఊరంతటికీ ఒక్క దీపం లేదు, నురగ ఒక్కటే తెల్లగా. ఆ రాత్రి మీద పద్యం రాద్దామని ఇప్పటికీ కూర్చుంటాను, రాదు.

శకటరేఫం: పారె(ను) ద్రుతాంతం, అంటే చివర ‘ను’ దాగిన మాట. దాని తర్వాత త పోయి సరళమైన ద రావాలి. ‘పారె దెలియెరుపుల’ అనాలి. యతికి, అంటే పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో ఉండాల్సిన మైత్రికి, ఎలాగూ నష్టం లేదు, సరళం వేయడానికి బద్ధకం దేనికి?

పూర్ణామార్కెట్ మావయ్య: అమ్మా, ‘అయ్యె’ మీద కూడా ద్రుతమే కదా. మొదటి పాదంలో ‘గైలాసగిరి’ అనమంటారా? ఆటో ఎక్కి గైలాసగిరి అంటే తిన్నగా అడవివరం జైలు దగ్గర దింపుతాడు.

శకటరేఫం: అనాలి. సూత్రానికి ఆటోవాడితో పనేమిటి? నేను చూడలేదు, మీరు చూశారు, సంతోషం. రుషికొండను మూడు మాత్రల సూర్యగణంలో కూర్చోబెట్టిన చేతికి ఇన్నాళ్లకు ద్రుతం కనబడింది.

పూర్ణామార్కెట్ మావయ్య: రుషికొండ మాట నాలుగు నెలల కిందటిది. గబగబా పలికితే సరిపోతుందని అప్పుడే చెప్పాను.

నిర్వాహకుడు: గబగబా పలికినా అది సలమే, ఐదు మాత్రల గణమే. రుషికొండ కేసు కొట్టేశాం, మళ్లీ తవ్వకండి.

లంగరు: నాది కొంచెం తేడా పూరణ.

నిన్న బురదమడుగు నేడు రేవయ్యెను
నీటి పైన మేడ నిలువు గీత
మారె నంతె గాని మనసులో నది యుండె
ఏరు లేని యూర నేటి గట్టు

1933లో రేవు తెరవక ముందు అక్కడున్నది ఉప్పునీటి బురద. దాన్ని తవ్వి ఓడలకు దారి చేశారు. అందుకని ఇది ఈనాటి గట్టు, ‘నేటి’ గట్టు.

శకటరేఫం: విరుపు చమత్కారంగా ఉంది, యతి పోయింది. ‘ఊరన్ + ఏటి’ అంటే ఏ-ఏ కుదిరింది. ‘నేటి’ అన్నాక ఏ-కి నే-తో మైత్రి ఎక్కడిది?

గోదారబ్బాయి: యతి పోతే పోయింది, ‘నిలువు గీత’ ఉండిపోతుంది. సాయంత్రం ఎదురెండలో చూస్తే మేడలకు కిటికీలుండవు, నీళ్లలో గీతలే. నా పద్యంలో కార్లు తీసేసి ఆ గీత పెట్టుకోవాలనుంది.

లంగరు: ఒప్పుకున్నాను. చెవికి ఏటి, మనసుకి నేటి. మార్కులు తీసేయండి.

శకటరేఫం: అసలు తప్పు నిర్వాహకులది. నది అయితే ‘ఏఱు’, బండి ఱ. మామూలు ర-తో ఇచ్చారు కాబట్టి ఏరంటే నాగలి. ఏరువాకలో ఉన్న ఏరు. ఇచ్చిన పాదాన్ని ఇచ్చినట్టే పూరిస్తున్నాను.

చేలు మేడలయ్యె జెల్లె నాగలిచాలు
గోస్తనిదరి నున్న కొంపలందు
మేలుకొన్న వేళ మెరసె గిటికి నిండ
ఏరు లేని యూర నేటిగట్టు

గోస్తని సముద్రంలో కలిసేది భీమిలి దగ్గర. భీమిలి ఇప్పుడు విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలోనే ఉంది. కాబట్టి నగరంలో నది ఉంది, లేనిది నాగలి.

నిర్వాహకుడు: బండి ఱ నా ఫోన్లో ఎక్కడుందో ఇప్పటికీ తెలీదు. దానివల్ల ఇంత మంచి పద్యం వచ్చింది కాబట్టి వెతకను. హోర్డింగు వాళ్లకి మాత్రం గోస్తని సంగతి ఎవరూ చెప్పకండి.

గోదారబ్బాయి: గోస్తనిని ఏరంటే మా గోదావరి నొచ్చుకుంటుందేమో. 1900లో కట్టిన హేవలాక్ వంతెన మీద నిలబడి చూసినవాడికి ఇవన్నీ కాలవలు.

పూర్ణామార్కెట్ మావయ్య: మేం అసలు గెడ్డ అనే అంటాం, అబ్బాయ్. మేఘాద్రిగెడ్డ నీళ్లు తాగుతూ కాలవ అంటావా? ఇదిగో నీకే రాశాను. చివరి పాదం మన ఉత్తరాంధ్ర గొంతుతో చదువుకో.

కడలి యెదుట నుండ గట్టు నడుగువాడ
బస్సు దిగిన నాడె పలికినాను
మొక్కజొన్న కొరికి ముందు నీటిని జూడు
ఏరు లేని యూర నేటి గట్టు?

లంగరు: ఏటి గట్టు! ఏటి, అంటే ఏమిటి? ఒక్క ప్రశ్నార్థకంతో సమస్యే ఎగిరిపోయింది.

శకటరేఫం: యతి నిలిచింది, సంధి నిలిచింది. రుషికొండ మాట ఇక ఎత్తను. ఈ నెలకు.

గోదారబ్బాయి: పద్యం బాగుంది గానీ నేను దిగింది బస్సు కాదు మావయ్యగారూ, రైలు. సింహాద్రి ఎక్స్‌ప్రెస్. స్టేషనుకి మీరే వచ్చారు కదా.

పూర్ణామార్కెట్ మావయ్య: రైలుకి యతి కుదరలేదురా.