491 నుంచి 191 వరకు: ఆస్ట్రేలియా ప్రాంతీయ నామినేషన్ పొందినవారి అనుభవాలు చెప్పగలరు

మియాపూర్ వాసి:
అందరికీ నమస్కారం. నా వయసు 34. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్సు బీటెక్ చదివి, 8 ఏళ్లుగా హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఆస్ట్రేలియా నైపుణ్య వీసాకు నా పాయింట్ల లెక్క ఇలా ఉంది: వయసుకు 25, డిగ్రీకి 15, ఇంగ్లిషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ నాలుగు విభాగాల్లోనూ 7 వచ్చింది కాబట్టి 10, అనుభవానికి 15, నా భార్య ఇంగ్లిషు అర్హతకు 5, మొత్తం 70. అక్కడి ఏదైనా రాష్ట్ర ప్రభుత్వం నుంచి నామినేషన్ (సిఫారసు) వస్తే 190 వీసాకు 5, 491 వీసాకు 15 పాయింట్లు కలుస్తాయని తెలుసు. 190 మొదటి రోజు నుంచే శాశ్వత నివాసం. 491 మాత్రం ప్రాంతీయ నామినేషన్‌తో వచ్చే 5 ఏళ్ల తాత్కాలిక వీసా, ఆ తర్వాతే 191 అనే శాశ్వత నివాస వీసాకు దరఖాస్తు చేయాలి. నాలుగేళ్ల పాపను వెంటబెట్టుకుని తాత్కాలిక వీసాతో వెళ్లడం సరైన నిర్ణయమేనా? ఈ దారిలో వెళ్లినవారు చెబితే మా ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చూపిస్తాను.

అడిలైడ్ తెలుగు:
మియాపూర్ వాసి గారూ, ముందు మీ లెక్క సరిచేసుకోవాలి. కంప్యూటర్ సైన్సు డిగ్రీకి దగ్గరి ఉద్యోగమే చేసినా, నైపుణ్యాన్ని మదింపు చేసే ఏసీఎస్ (ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ) సాధారణంగా మొదటి 2 ఏళ్లను అర్హత కిందికి తీసుకుని, ఆ తర్వాతి అనుభవాన్నే లెక్కిస్తుంది. అంటే మీకు మిగిలేది 6 ఏళ్లు, వాటికి 15 కాదు, 10 పాయింట్లు. మొత్తం 65, అంటే కనీస అర్హత దగ్గరే ఉన్నారు. 491 నామినేషన్‌తో అది 80 అవుతుంది. ఐఈఎల్‌టీఎస్ మళ్లీ రాసి అన్నింటిలో 8 తెచ్చుకుంటే ఇంగ్లిషుకు 20 వస్తాయి, అప్పుడు 90. మీ చేతిలో ఉన్నది ఇదొక్కటే కాబట్టి ముందు దీని మీద కష్టపడండి.

ఇక నా అనుభవం. నాకు 2022 ఫిబ్రవరిలో 491 వచ్చింది. ఇండియాలో ఉన్న ప్రాజెక్టు పూర్తిచేసి వెళ్దామని ఆగి, ఆగస్టులో అడిలైడ్‌లో దిగాను. ఆ ఆరు నెలల విలువ నాకు తర్వాత తెలిసింది. 191కి దరఖాస్తు చేయాలంటే 491 వీసా చేతికొచ్చి 3 ఏళ్లు నిండాలి, దానితోపాటు 3 ఆదాయ సంవత్సరాల పన్ను మదింపు నోటీసులు (రిటర్ను వేశాక పన్ను శాఖ ఇచ్చేవి) కూడా ఉండాలి. ఆస్ట్రేలియాలో ఆదాయ సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. నాకు వీసా పరంగా 3 ఏళ్లు 2025 ఫిబ్రవరిలోనే నిండాయి, కానీ మూడో నోటీసు కోసం ఆ జూన్ దాటేదాకా ఎదురుచూడవలసి వచ్చింది. 2022 జూన్ లోపు వెళ్లి, కొద్ది వారాలైనా పనిచేసి రిటర్ను వేసి ఉంటే ఆ నెలలు మిగిలేవి. వీసా వచ్చాక ప్రయాణం వాయిదా వేయకండి.

191కి కనీస ఆదాయం ఇంత ఉండాలన్న నిబంధన లేదు. మళ్లీ నామినేషన్ అక్కర్లేదు, వయోపరిమితీ లేదు. 45 నిండకముందే వీసా దరఖాస్తుకు ఆహ్వానం అందుకోవాలన్న షరతు 491 దశలోనే తీరిపోతుంది. తాత్కాలికమన్న మాట విని భయపడేవారికి నేను చెప్పేది ఇదే.

ఉప్పల్ ఉద్యోగిని:
నా అనుభవం పత్రాల గురించి. మా పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. డిగ్రీ పట్టాలో మరో వరుస. మన తెలుగువాళ్లలో ఇది చాలామందికి ఉండే ఇబ్బందే. దరఖాస్తు మొదలుపెట్టకముందే అఫిడవిట్ చేయించి, అన్నిచోట్లా ఒకే రూపం రాయండి. పాత కంపెనీల రిఫరెన్స్ లెటర్లలో చేసిన పనుల వివరం ఉండాలి. హోదా, తేదీలు మాత్రమే ఉంటే సరిపోవు. పే స్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ పాస్‌బుక్ తోడుగా పెట్టుకోండి.

ఒక బాధాకరమైన విషయం కూడా చెప్పాలి. నేను మొదట వెళ్లిన ఒక కన్సల్టెన్సీవారు, పాయింట్లు తక్కువైతే మరో కంపెనీ పేరుమీద రెండేళ్ల అనుభవం చూపిద్దామన్నారు. కట్టిన అడ్వాన్సు వదులుకుని బయటికి వచ్చేశాను. తప్పుడు పత్రం బయటపడితే వీసా తిరస్కరించడమే కాదు, 3 ఏళ్లు మరో వీసా రాకుండా అడ్డుపడే నిబంధన ఉంది. భార్యాబిడ్డల దరఖాస్తులకూ ఆ దెబ్బ తగులుతుంది. దయచేసి ఎవరూ ఈ మాటలకు లొంగకండి.

పెర్త్ ప్రయాణం:
ప్రాంతీయం అనగానే పల్లెటూరు అనుకునేవారు చాలామంది. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ మహానగర ప్రాంతాలు తప్ప దాదాపు మిగతా దేశమంతా ఈ లెక్కలోకి వస్తుంది. పెర్త్, అడిలైడ్, కాన్‌బెర్రా, హోబర్ట్, గోల్డ్ కోస్ట్ అన్నీ ప్రాంతీయమే. నివాసం, ఉద్యోగం, చదువు మూడూ ఆ ప్రాంతాల్లోనే సాగాలన్నది షరతు. మెల్‌బోర్న్‌లో మంచి ఉద్యోగం వచ్చిందని అక్కడికి మారిపోతే వీసా రద్దయ్యే ప్రమాదం ఉంది. 491 మీద ఉన్న మొదటి మూడేళ్లు 190 వంటి ఇతర నైపుణ్య వీసాలకు మారే వీలు కూడా లేదు. కాబట్టి ఆ మూడేళ్లు అక్కడ మనస్ఫూర్తిగా బతకగలరా అన్నది మీ భార్యతో కూర్చుని మాట్లాడుకోండి. పాప ఆరోగ్యం గురించి బెంగ వద్దు, 491 ఉన్నవారు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకం మెడికేర్‌లో చేరవచ్చు.

మియాపూర్ వాసి:
అందరికీ కృతజ్ఞతలు. అనుభవం లెక్క తప్పు వేశానని ఈ రోజే తెలిసింది. ఐఈఎల్‌టీఎస్‌కు మళ్లీ కూర్చుంటాను. ఏసీఎస్ మదింపు ఇప్పుడే చేయించనా, మార్కులు వచ్చాక చేయించనా?

అడిలైడ్ తెలుగు:
ఇప్పుడే మొదలుపెట్టండి, రెండూ పక్కపక్కనే సాగనివ్వండి. ఏసీఎస్ ఫలితం 2 ఏళ్లు చెల్లుతుంది. రాష్ట్రాలు తమ కోటాను జూలై నుంచి జూన్ వరకు ఏటా కొత్తగా పొందుతాయి కాబట్టి, వచ్చే జూలై నాటికి రెండూ చేతిలో ఉండి, వీసా కోరేవారు వివరాలిచ్చే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ స్కిల్‌సెలెక్ట్‌లో మీ ఆసక్తి నమోదై ఉండేలా చూసుకోండి. ఆహ్వానం అందాక దరఖాస్తుకు 60 రోజులే గడువు.