బంగారు చుక్క పడిన చోటే లిపిడ్ ఉన్నట్టా?

పర్లాకిమిడి మాస్టారు:
కాలేజీలో ఒడియాలో, ఇంగ్లీషులో విన్న పాఠాన్ని మన పిల్లలు సాయంత్రం మా ఇంటి అరుగు మీద తెలుగులో మళ్లీ అడుగుతారు. నిన్న కణత్వచం, అంటే కణాన్ని కప్పి ఉంచే పలుచని తెర, వంతు. ఒక ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రం చూపించాను. గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనంతో స్థిరపరచిన కణానికి, బంగారు రేణువులు తగిలించిన కలరా టాక్సిన్ (కలరా క్రిమి విషం) బి భాగాన్ని పట్టించి, త్వచంలోని జీఎం1 అనే లిపిడ్‌ను (కొవ్వు జాతి అణువును) గుర్తించారు. బంగారు రేణువులు నల్ల చుక్కలుగా, గుత్తులు గుత్తులుగా కనిపించాయి. 1997లో శాస్త్రవేత్తలు సైమన్స్, ఇకొనెన్ చెప్పిన లిపిడ్ తెప్పలకు, అంటే త్వచంలో గుంపుగా చేరి తేలే లిపిడ్లకు, ఇదే సాక్ష్యమన్నాను. కాదనేవారున్నారా?

బరంపురం పరిశోధకురాలు:
నేనున్నాను మాస్టారూ. గ్లుటరాల్డిహైడ్ ప్రోటీన్లను కట్టేస్తుంది. జీఎం1ను కట్టలేదు. రసాయనంతో స్థిరపరచిన తర్వాత కూడా త్వచంలోని అణువులు కదులుతూనే ఉంటాయని శాస్త్రవేత్త కుసుమి బృందం 2010లో చూపించింది. పైగా బి భాగంలో ఐదు ఉపభాగాలు, ఒక్కొక్కటీ ఒక జీఎం1ను పట్టుకోగలదు. లెక్కపెట్టడానికి వెళ్లినవాడే ఐదుగురినీ ఒకచోటికి లాగి, ఇక్కడ గుంపుంది అని రాసుకున్నట్టు కాదా?

ముందు లిపిడ్‌ను కదలకుండా ఆపాలి. కణాన్ని రెప్పపాటులో గడ్డకట్టించి విరగ్గొడితే, పొంగిన పూరీని విడదీసినట్టు త్వచం నడిమికి చీలి రెండు పొరలవుతుంది. ఆ ముఖాల మీద ప్లాటినం, కార్బన్ ఆవిరి పూత పోస్తారు. ఆ పూత లిపిడ్లను ఉన్నచోటే పట్టి ఉంచుతుంది. మిగిలినదంతా ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌తో కడిగేసి, అప్పుడు బంగారం పట్టిస్తారు. లిపిడ్ ఏ పొరలో ఉందో కూడా తెలుస్తుంది. కణాన్ని పలచగా కోసిన మామూలు ముక్కలో ఇది చెప్పలేం. త్వచం మందం 5 నానోమీటర్లు, బంగారు రేణువే తరచు 10!

రాయగడ నుంచి:
అక్కా, 2007లో ఫుజిమోటో బృందం ఈ పద్ధతితోనే ఎలుక కణాల్లో జీఎం1 గుంపులు చూసింది. కొలెస్టరాల్ తీసేసినా, చల్లబరిచినా గుంపులు తగ్గాయి. మాస్టారి మాట నిజమేగా?

బరంపురం పరిశోధకురాలు:
మాట నిజం కావచ్చు తమ్ముడూ, చూపిన చిత్రం దానికి రుజువు కాదు. నా పట్టుదల అక్కడే. చుక్క లేనిచోట లిపిడ్ లేదనీ అనకూడదు. ప్రోటీన్ చాటున ఉన్నదానికి టాక్సిన్ అందకపోవచ్చు.

పర్లాకిమిడి మాస్టారు:
ఒప్పుకుంటున్నానమ్మా. రేపు అదే చిత్రం చూపించి, పక్కనే ఐదు ఉపభాగాల బొమ్మ గీస్తాను. ఈ టాక్సిన్‌ను 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కనిపెట్టారనీ చెబుతాను. గడ్డకట్టించి తీసిన చిత్రం నీ దగ్గరుంటే పంపు.