అప్‌డేట్: దుంపలు అంటుకోలేదు, కొత్తిమీర నల్లబడలేదు

మొన్న అడిగాను కదా, చిన్న బంగాళాదుంపల వేపుడు పెనానికి అంటుకోకుండా, అందులో కొత్తిమీర, పుదీనా నల్లబడకుండా ఎలా చేయాలని. సలహాలిచ్చిన వాళ్లందరికీ థాంక్స్. నిన్న రాత్రి కుదిరింది.

అరకిలో దుంపల్ని తొక్కతోనే ఉప్పు నీళ్లలో ఉడకబెట్టాను. చాకు గుచ్చితే దిగాలి, దుంప మాత్రం విరగకూడదు; అప్పుడే దించి వార్చేశాను. సగానికి కోసి, ఆవిరంతా పోయేదాకా చిల్లుల గిన్నెలో వదిలేశాను. కిటుకంతా ఇక్కడే ఉంది. తడి ఉంటే వేగే బదులు ఉడుకుతాయి. ఇనప పెనంలో నూనె బాగా కాగాక, కోసిన వైపు కిందికి పెట్టి కదపలేదు. (మా అత్తయ్యగారు గరిటె పట్టుకుని పక్కనే నిలబడ్డారు, ఆవిణ్ని ఆపడమే కష్టమైంది!) అడుగు ఎర్రబడ్డాక ముక్కలు వాటంతట అవే ఊడొచ్చాయి.

జీలకర్ర, చిదిమిన వెల్లుల్లి ఆఖర్లో. ఆకులు స్టవ్ ఆపేశాకే. తర్వాత కాస్త నిమ్మరసం.

ఫ్రిజ్‌లో పెట్టిన దుంపలు వద్దన్నవాళ్ల మాట నిజమే. చలికి వాటిలో పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది, అందుకే తొందరగా మాడతాయి. కొందరు వేయమన్న రోజ్‌మేరీ (ఘాటైన వాసనుండే ఒక విదేశీ ఆకు) మాత్రం మా ఊళ్లో దొరకలేదు. పప్పుచారులోకి నంజుకుంటే ఈ రుచే చాలనిపించింది.